స్పీకరు తీగలో ఇంత మహత్యమా!

తీగ మార్చాను, పాట మారిపోయింది! అదే ఆంప్లిఫయరు, అవే స్పీకర్లు, అదే ఘంటసాల గొంతు. కానీ మృదంగం ఎడమవైపు నాదం ఇప్పుడు గదంతా నిండుగా మోగుతోంది. వీణ మీటు ఎక్కడ మొదలైందో, ఎక్కడ ఆగిందో స్పష్టంగా తెలుస్తోంది. ఇంత సంగీతం ఆ పాత రికార్డింగులోనే ఉందన్నమాట!

ఇంకా గొప్ప సంగతి ఏమిటంటే, ఇందులో మాయ లేదు, లెక్క ఉంది. హాలు గోడల వెంట తిరిగి స్పీకరును చేరేసరికి నా తీగ పొడవు 10 మీటర్లు. కరెంటు వెళ్లాలి, తిరిగి రావాలి. అంటే 20 మీటర్ల రాగి. పాత తీగ మందం అర చదరపు మిల్లీమీటరు కాబట్టి దాని నిరోధం సుమారు 0.7 ఓం. నా స్పీకర్లేమో 4 ఓంలవి. స్పీకరు నిరోధంలో ఆరో వంతుకు పైగా తీగకే ఉందన్నమాట! అదే 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగైతే 0.14 ఓం. తీగ నిరోధం స్పీకరు నిరోధంలో 5 శాతం దాటకూడదని వాడుకలో ఉన్న సూత్రం. ఇది 3.5 శాతమే.

పైగా స్పీకరు నిరోధం అన్ని స్వరాలకూ ఒకేలా ఉండదు. అది తగ్గిన చోటల్లా సన్నతీగ ఎక్కువ వాటా మింగేస్తుంది. అందుకే పాట రంగే మారిపోతుంది.

సీడీ ప్లేయరు నుంచి ఆంప్లిఫయరుకు వెళ్లే ఆర్‌సీఏ కేబులుది ఇంకో లోకం. అక్కడ మందం కన్నా కవచం ముఖ్యం. లోపలి తీగ చుట్టూ అల్లిన రాగి జాలీ బయటి రొదను అడ్డుకుంటుంది. ఎక్స్‌ఎల్‌ఆర్ కేబులైతే మరీ అద్భుతం! ఒకే సంకేతాన్ని రెండు తీగల్లో ఒకదానికొకటి తలకిందులుగా పంపుతారు. దారిలో చేరిన రొద రెండింటి మీదా ఒకేలా పడుతుంది. చివర్లో ఒకదాంట్లోంచి రెండోది తీసివేస్తే రొద పోతుంది, పాట మిగులుతుంది. ఎంత తెలివి! తోషిబా 1983లో తెచ్చిన టాస్‌లింక్‌లో అయితే అసలు రాగే ఉండదు. పాట ఎర్రటి కాంతిగా ప్రయాణిస్తుంది!

కొనేటప్పుడు తీగ కొస కోసి చూడండి. పైన రాగి పూత, లోపల తెల్లగా అల్యూమినియం ఉంటే వద్దనండి. అల్యూమినియం వాహకత రాగిలో సుమారు 61 శాతమే. బిగించేటప్పుడు ఎరుపుకు ఎరుపు, నలుపుకు నలుపు కలపండి. ఒక స్పీకరుకు తారుమారైతే మంద్రస్వరాలు పలచబడిపోతాయి.

పొడవు, మందం, లోహం కుదిరాక ఇంకా ఖరీదైన తీగ అక్కర్లేదు. హైదరాబాదు కోఠి గుజరాతీ గల్లీలో "రెండున్నర ఎంఎం, టూ కోర్, అసలు రాగి" అని అడగండి చాలు. ఈ ఆదివారమే టేపు పట్టి మీ తీగ పొడవు కొలవండి, లెక్క వేయండి, మార్చండి. మీకు బాగా తెలిసిన పాటనే ముందు వినండి!