పారోస్‌లో మకాం

గ్రీసు దేశానికి వెళ్లి సైక్లడీస్ దీవులు చూడాలనుకునేవాళ్లు సాధారణంగా వేసుకునే లెక్క ఒకటుంది. మైకనోస్‌లో రెండు రాత్రులు, నాక్సోస్‌లో రెండు, సాంటొరినీలో రెండు. రాసుకోవడానికి బాగానే ఉంటుంది. ఆచరణలోకి దిగితే మాత్రం రోజు విడిచి రోజు పెట్టెలు సర్దాలి, గది ఖాళీ చెయ్యాలి, ఓడ వచ్చేదాకా రేవులో ఎండకు నిలబడాలి, దిగాక మళ్లీ కొత్త గది వెతుక్కోవాలి. డెబ్బై దాటిన అమ్మకి మోకాళ్ల నొప్పులు. ఆవిడతో ఈ తిరుగుడు కుదరదని ఇంటి దగ్గరే తేల్చుకున్నాను. ఒకే దీవిలో మకాం పెట్టి, పొద్దున్నే ఓడెక్కి ఇంకో దీవి చూసి, చీకటి పడేలోగా మన గదికి మనం వచ్చెయ్యాలి. ఇక తేలాల్సింది ఆ దీవి ఏదన్నదే.

అందాన్ని బట్టి మకాం ఎంచుకోకూడదని నా నమ్మకం. అందమైన చోటుకి వెళ్లి చూసి రావచ్చు. మకానికి కావలసింది ఓడల రాకపోకలు. ఏథెన్స్ పక్కనున్న పైరియస్ రేవు నుంచి బయల్దేరే పెద్ద ఓడల ముఖ్యమైన దారి పారోస్, నాక్సోస్, సాంటొరినీల వరసన సాగుతుంది. డేలోస్, మైకనోస్ ఉత్తరాన ఉంటాయి. ఈ రెండు వైపులకీ అందుబాటులో మధ్యన ఉన్నది పారోస్. సాంటొరినీ ఈ వరసకి చివర, అథినియోస్ రేవు కొండచరియ అడుగున, ఊళ్లేమో పైన. ఓడ ఎక్కాలన్నా దిగాలన్నా ఆ మెలికల రోడ్డు మీద బస్సు ప్రయాణం తప్పదు. మైకనోస్ నుంచి డేలోస్ అరగంటే, కానీ అక్కడి గదుల అద్దె, రాత్రుళ్లు పాటల హోరు మా ఇద్దరికీ సరిపడవు. నాక్సోస్ మంచి దీవి. అయితే పారోస్‌కి రెట్టింపు పైగా ఉంటుంది. దాని కొండ ఊళ్లు చూడడానికే రోజులు పడతాయి. అక్కడ దిగినవాళ్లకి వేరే దీవికి పోవాలనిపించదు.

పైరియస్ నుంచి పారోస్‌కి పెద్ద ఓడలో దాదాపు నాలుగు గంటలు. ఇంకా వేగంగా పోయే ఓడలున్నాయి, టికెట్టు ఎక్కువ. కానీ వాటిలో లోపలే కూర్చోవాలి, అలలకి ఊపూ ఎక్కువే. పెద్ద ఓడలో అమ్మ పైఅంతస్తు బల్ల మీద కూర్చుని దారి పొడవునా సముద్రం చూసింది. రేవు దగ్గరపడుతుంటే అందరూ కిందకి, లారీలూ కార్లూ నిలిపే చోటుకి దిగిపోతారు. ఓడ వెనక్కి తిరిగి గట్టుకి ఆనుతుంది, వెనక తలుపు ఇనపగొలుసులతో కిందకి వాలుతుంది, రేవు పోలీసులు ఈలలు వేస్తారు. దిగేవాళ్లు, ఎక్కేవాళ్లు, లారీలు అన్నీ కొద్ది నిమిషాల్లో అయిపోవాలి. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు ముందే దిగి తలుపు దగ్గర ఒక పక్కగా నిలబడితే మంచిది.

పరికియా ఊరు రేవులోనే మొదలవుతుంది. ఎదురుగా తెల్లటి గాలిమర, పక్కనే టికెట్ల దుకాణాలు, నాలుగడుగులు వేస్తే బస్సులాగే చోటు. గది నడిచి వెళ్లేంత దూరంలో దొరికింది. రేవుకి నడిచి వెళ్లగలిగితే పొద్దుటి ఓడ అందుతుందో లేదో అన్న బెంగ ఉండదు. ఓ పూట ఊళ్లో తిరుగుతూ పదమూడో శతాబ్దపు కోట గోడ చూశాం. వెనిస్ వాళ్లు పాత గ్రీకు గుళ్లు ఊడదీసి కట్టినది. స్తంభాల ముక్కలు గుండ్రంగా, వరసల్లో ఆ గోడలో కనిపిస్తూనే ఉంటాయి. అంతా పాలరాయే. ఈ దీవి రాయికి ప్రాచీన లోకంలో అంత పేరు. మరాఠీ అనే చోట భూమి లోపలి సొరంగాల్లో, దీపాల వెలుగులో తవ్వి తీసేవారు. వెలుతురు ఆ రాతిలోకి కొంత లోతుదాకా దిగుతుంది. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉన్న వీనస్ డి మిలో విగ్రహం ఈ రాతితో చెక్కిందే.

మొదటి ప్రయాణం దగ్గర్లోనే పెట్టుకున్నాం. పూండా రేవు నుంచి పక్క దీవి ఆంటీపారోస్‌కి పది నిమిషాలు. కార్లు, మోటారు సైకిళ్లు, కూరగాయల బండ్లు, మనుషులు అందరూ కలిసి ఎక్కే చదునైన పడవ అది. అమ్మ పుట్టిల్లు కోనసీమ. చిన్నప్పుడు సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటి నరసాపురం వెళ్లేది. పడవలోకి అడుగు పెట్టగానే "ఒరే అబ్బాయ్, ఇది మన పంటేరా!" అంది. నిజంగానే అచ్చం మన పంటు. ఆ తర్వాత ఆవిడకి సముద్రం అంటే జంకు పోయింది. ఆంటీపారోస్‌లో పెద్ద గుహ ఉంది. 1673లో ఫ్రెంచి రాయబారి నువాంతెల్ వందల మందిని వెంటబెట్టుకొచ్చి అందులో క్రిస్మస్ ప్రార్థన చేయించాడు. దిగడానికి నాలుగు వందలకి పైగా మెట్లు. అమ్మ గుహ వాకిట్లో ఉన్న చిన్న చర్చి నీడన కూర్చుంది, నేను దిగి వచ్చాను.

నాక్సోస్‌కి పెద్ద ఓడలో గంటలోపే. రేవు దగ్గరికి వస్తుంటే పోర్టారా కనిపిస్తుంది. ఆరు మీటర్ల ఎత్తు పాలరాతి ద్వారం, వెనక గుడి లేదు. క్రీస్తుపూర్వం ఆరో శతాబ్దంలో లిగ్డామిస్ అనే పాలకుడు మొదలుపెట్టిన ఆలయం, అతను పదవి కోల్పోయాక అలాగే ఆగిపోయింది. తర్వాత వచ్చినవాళ్లు రాళ్లు పట్టుకుపోయారు. ద్వారబంధం రాళ్లు ఒక్కోటి ఇరవై టన్నుల దాకా తూగుతాయంటారు, అవి మాత్రం మిగిలాయి. మధ్యాహ్నం భోజనం చేసి, కోట సందుల్లో తిరిగి, సాయంత్రం ఓడకి వచ్చేశాం. ఒక పూటకి అంతే వీలవుతుంది. అపొల్లోనాస్ దగ్గర రాతిగనిలోనే పడుకుని ఉండిపోయిన పది మీటర్ల విగ్రహం కూడా చూడాలంటే నాక్సోస్‌లో రాత్రి ఉండాలి.

డేలోస్‌ది వేరే కథ. అక్కడ రాత్రి ఉండడానికి సందర్శకులెవరికీ అనుమతి లేదు. రాజైనా పేదైనా పగలు వచ్చి పగలే వెళ్లాలి, కాబట్టి డేలోస్ చూడాలంటే ఇంకో దీవిలో మకాం ఉండి తీరాలి. వేసవి నెలల్లో పారోస్ నుంచి డేలోస్, మైకనోస్ కలిపి చూపించే పడవలు నడుస్తాయి. హేరా దేవి కోపానికి భయపడి ఏ నేలా చోటివ్వకపోతే, నిండు గర్భిణి లీటోకి ఈ బీడు దీవి ఆశ్రయం ఇచ్చిందని, అపోలో ఇక్కడ పుట్టాడని గ్రీకుల కథ. సైక్లడీస్ అన్నీ ఈ చిన్న దీవి చుట్టూ వలయంగా ఉన్నాయని ప్రాచీనులు భావించారు. క్రీస్తుపూర్వం 166లో రోమన్లు దీన్ని సుంకాలు లేని రేవుగా చేస్తే మహా వ్యాపారకేంద్రమైంది. బానిసలను కూడా ఇక్కడే అమ్మేవారు. క్రీస్తుపూర్వం 88లో రోమన్లతో యుద్ధానికి దిగిన మిత్రదాతెస్ రాజు సేనలు దోచి తగలబెట్టాక మళ్లీ కోలుకోలేదు. ఇప్పుడు యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలం.

నాక్సోస్ ప్రజలు క్రీస్తుపూర్వం ఏడో శతాబ్దంలో ఇచ్చిన పాలరాతి సింహాల వరస ముందు చాలాసేపు నిలబడ్డాం. బయట ఉన్నవి నకళ్లు, అసలువి లోపల మ్యూజియంలో ఉంటాయి. ఒకదాన్ని ఏనాడో వెనిస్‌కి పట్టుకుపోయారు. క్రీస్తుపూర్వం 426లో ఏథెన్స్ వాళ్లు ఈ దీవిని పవిత్రం చేస్తామని సమాధులన్నీ తవ్వి ఎదురుగా ఉన్న రినియాకి తరలించారు. అప్పట్నుంచి డేలోస్ మీద ఎవరూ పుట్టకూడదు, చావకూడదు. గర్భిణులనూ చావుకి దగ్గరైనవాళ్లనూ రినియాకి పంపేవారు. అది చెబితే అమ్మ కాసేపు మాట్లాడలేదు. "దేవుణ్ని కన్న తల్లికి చోటిచ్చిన నేల కదరా, ఇంకో తల్లిని పొమ్మందా?" అంది. అంత పుణ్యక్షేత్రంలో నాకు గుర్తుండిపోయిన ప్రశ్న అదే. ఆ దీవి మీద నీడ దాదాపు ఉండదు. గొడుగు, నీళ్లు తప్పకుండా పట్టుకెళ్లాలి.

తర్వాత గాలి పట్టుకుంది. వేసవిలో ఉత్తరం నుంచి వీచే ఈ పొడిగాలిని మెల్టెమి అంటారు. జూలై, ఆగస్టుల్లో ఉధృతం ఎక్కువ, సెప్టెంబరులోనూ వస్తుంది. గది యజమానురాలు పొద్దున్నే "ఎనిమిది బోఫోర్" అని వేళ్లతో చూపించింది. బోఫోర్ అంటే గాలి తీవ్రతకి కొలమానం. గాలి ఆ స్థాయికి చేరితే రేవు అధికారులు ఓడలు ఆపేస్తారు. వేగంగా పోయేవి, చిన్నవి ముందు ఆగుతాయి. 2000 సెప్టెంబరు 26 రాత్రి ఎక్స్‌ప్రెస్ సమీనా అనే ఓడ పరికియా రేవుకి కూతవేటు దూరంలోకి వచ్చి, పోర్టెస్ రాళ్లకి గుద్దుకుని మునిగిపోయింది. 80 మందికి పైగా చనిపోయారు. పారోస్ జాలర్లు ఆ గాలిలోనే పడవలేసుకుని వెళ్లి ఎందరినో కాపాడారు. అది తెలిశాక, ఓడలు ఆపారని విసుక్కోవడానికి మనసొప్పలేదు.

ఆ రోజు ఎకటొండపిలియాని చర్చికి వెళ్లాం. వంద ద్వారాల గుడి అంటారు. కాన్‌స్టాంటీన్ చక్రవర్తి తల్లి హెలెనా పవిత్రభూమికి పోతూ తుపానుకి ఇక్కడ ఆగి, మొక్కుకుందని, కొడుకు ఆ మొక్కు తీర్చాడని స్థలపురాణం. ఇప్పుడున్న కట్టడంలో ఎక్కువ భాగం ఆరో శతాబ్దం నాటిది. అమ్మ రెండు కొవ్వొత్తులు వెలిగించింది. ఆదివారం కావడంతో హోటల్లో రెవిథాడ దొరికింది. శనగలు, ఉల్లిపాయలు, ఆలివ్ నూనె మట్టికుండలో వేసి శనివారం రాత్రంతా పొయ్యిలో ఉంచుతారు. శాకాహారులు ధైర్యంగా తినవచ్చు, కడుపు నిండుతుంది.

సాంటొరినీకి వెళ్లలేదు. రానూపోనూ ఓడలోనే నాలుగైదు గంటలు పోతాయి. అగ్నిపర్వతం పేలి ఏర్పడిన ఆ గుండంలో పొద్దు కుంగడం చూడకుండానే వెనక్కి రావాలి. దానికి విడిగా ఇంకో ప్రయాణం పెట్టుకోవడమే న్యాయం.

మీరు వెళ్తే ముందుగా తిరుగు ఓడ వేళ చూసుకుని, ఆ తర్వాతే పొద్దుటి టికెట్టు కొనండి. డేలోస్ ప్రయాణం మొదటి రోజుల్లోనే పెట్టుకోండి, గాలి వల్ల ఆగినా ఇంకో రోజు మిగులుతుంది. విమానం ఎక్కాల్సిన రోజుకి ముందు రాత్రే ఏథెన్స్ చేరిపోండి.