అమీర్‌పేటలో కప్పకు దాహమేస్తే...

చెట్టుకప్ప నోటితో నీళ్లు తాగదు. చర్మంతో పీల్చుకుంటుంది. ఆ చర్మంతోనే కొంత ఊపిరి కూడా తీసుకుంటుంది. అలాంటి ప్రాణిని రాతి గుట్టల మధ్య పెరిగిన నగరంలో, అదీ అమీర్‌పేట, పంజాగుట్టల్లాంటి చోట అద్దాల పెట్టెలో పెంచాలనుకుంటే... ముందు అక్కడి గాలినీ నీటినీ చదవడం నేర్చుకోవాలి!

మైత్రీవనం కూడలిలో తలెత్తి చూస్తే ఆకాశం కన్నా బోర్డులే ఎక్కువ కనిపిస్తాయి. ఒకప్పుడు జావా, ఒరాకిల్... ఇప్పుడు క్లౌడ్, డేటా సైన్స్. కోర్సులు మారాయిగానీ రద్దీ మారలేదు. వెనక సందుల్లోకి వెళ్తే హాస్టళ్లు, కర్రీ పాయింట్లు, జిరాక్స్ దుకాణాలు, మంచినీళ్ల క్యాన్లు మోసుకెళ్లే ఆటోలు. 2017 నవంబరులో మెట్రో వచ్చాక అమీర్‌పేట రెండు లైన్లు కలిసే జంక్షనైంది. 2018 సెప్టెంబరులో ఎల్బీనగర్ దాకా దారి తెరుచుకోవడంతో పంజాగుట్ట ఒక్క స్టేషన్ దూరంలోకి వచ్చింది.

ఇంత సందడిలో కప్పకు చోటెక్కడిది అనిపించడం సహజం. కానీ నగరాల్లో అక్వేరియం అభిరుచి చేపల దగ్గరే ఆగిపోలేదు. విదేశీ బల్లులూ తాబేళ్లతోపాటు పచ్చటి చెట్టుకప్పలూ అద్దాల పెట్టెల్లోకి చేరుతున్నాయి. ఆస్ట్రేలియా, న్యూగినీల నుంచి ప్రపంచమంతా పాకిన వైట్స్ చెట్టుకప్ప, మధ్య అమెరికా అడవుల్లో పుట్టిన ఎర్రకళ్ల చెట్టుకప్ప... పెంపకందారులకు బాగా తెలిసిన పేర్లివి. వైట్స్ కప్పను బాగా చూసుకుంటే పదిహేనేళ్లకు పైనే బతుకుతుంది. అంటే, పాఠశాలలో చేరిన పిల్లాడు ఇంజినీరింగ్ పూర్తిచేసేదాకా అన్నమాట!

మరి అన్నేళ్లు దాని ప్రాణం దేనిమీద ఆధారపడి ఉంటుంది? తిండికన్నా ముందు తేమ మీద.

సున్నపు గోడ మీది చుట్టం

విదేశీ కప్పల సంగతికి ముందు మన కప్ప గురించి తెలుసుకోవాలి. మన దేశంలో చాలాచోట్ల కనిపించే చెట్టుకప్ప శాస్త్రీయ నామం పాలీపెడేటస్ మాక్యులేటస్. 1830లో గ్రే అనే ఆంగ్లేయ శాస్త్రవేత్త దీన్ని శాస్త్ర ప్రపంచానికి పరిచయం చేశాడు. ఇంగ్లిషులో దీనికి ‘చూనం ఫ్రాగ్’ అని పేరు. చూనం అంటే సున్నమే. ఒంటి రంగును గోధుమ వర్ణం నుంచి దాదాపు తెలుపు దాకా మార్చుకుంటుంది. తొడల వెనక పసుపు చుక్కలుంటాయి. వేళ్ల చివర గుండ్రటి మెత్తలుంటాయి కాబట్టి నున్నటి గోడా, కిటికీ అద్దమూ కూడా సునాయాసంగా ఎక్కేస్తుంది.

వర్షాకాలం రాత్రుళ్లు మొక్కలున్న ఇళ్లలో, స్నానాలగదుల్లో, నీళ్ల ట్యాంకు మూతల కింద ఇది దర్శనమివ్వడం మామూలే. బకెట్టు అంచున కూర్చున్న కప్పను చూసి కేక పెట్టనివాళ్లు తక్కువ. పాపం, దానికి కావాల్సింది ఇంట్లో చోటు కాదు, కాస్త చెమ్మ. నీటిపైకి వంగిన కొమ్మకో తొట్టి అంచుకో తెల్లటి నురగతో గూడు కట్టి అందులో గుడ్లు పెడుతుంది. పిల్లలు తోకలతో బయటికొచ్చి కింది నీళ్లలోకి జారిపోతాయి.

ఎండాకాలం తట్టుకోవడానికి దీనికో చిట్కా కూడా తెలుసు. చర్మంలోని గ్రంథుల నుంచి కొవ్వులాంటి పదార్థాన్ని స్రవించి, కాళ్లూ చేతులతో ఒళ్లంతా పులుముకుంటుంది. ఒంట్లో నీరు ఆవిరైపోకుండా ఆ పూత కాస్త అడ్డుపడుతుంది. 1997లో ప్రచురితమైన ఓ పరిశోధన ఈ సంగతిని వివరించింది. మనం చలికాలంలో నూనె రాసుకున్నట్టే!

అడవి కప్పకు ఎండ మండితే చల్లటి సందు వెతుక్కునే స్వేచ్ఛ ఉంది. అద్దాల పెట్టెలో ఉన్న కప్పకు అది లేదు. అక్కడ వానా, చెట్టునీడా, చెరువూ అన్నీ యజమానే.

ఒకే గాలి... రెండు లెక్కలు

హైదరాబాద్ సముద్రమట్టానికి అయిదు వందల మీటర్లకు పైగా ఎత్తున, దక్కన్ పీఠభూమి మీద ఉంది. చుట్టూ గ్రానైటు రాయి. పంజాగుట్ట పేరులోనే గుట్ట ఉంది. ఆగస్టులో వాన పట్టినప్పుడు గాలిలో తేమ 80 శాతం దాటడం మామూలే. అదే ఏప్రిల్, మే నెలల మధ్యాహ్నాల్లో 30 శాతానికి అటూ ఇటూగా పడిపోతుంది. బట్టలు ఆరేసిన గంటకే పెళుసుగా మారేది అందుకే.

ఇక్కడో చిన్న లెక్క ఉంది. తేమ శాతం గాలిలో ఉన్న నీటి మీదే కాదు, వేడి మీద కూడా ఆధారపడుతుంది. తెల్లవారుజామున 28 డిగ్రీల దగ్గర 60 శాతం తేమ ఉన్న గాలి, మధ్యాహ్నం 40 డిగ్రీలకు వేడెక్కితే, అందులోంచి చుక్క నీరు పోకపోయినా తేమ దాదాపు 31 శాతానికి దిగిపోతుంది. వేడిగాలికి నీటిని పట్టి ఉంచే శక్తి ఎక్కువ కాబట్టి అది తడి ఉన్న ప్రతిచోటునుంచీ నీటిని లాగేస్తుంది. కప్ప చర్మం నుంచి కూడా.

వైట్స్ కప్పకు సుమారు 50 నుంచి 60 శాతం తేమ సరిపోతుంది. ఎర్రకళ్ల కప్పకు అంతకన్నా ఎక్కువ, 60 నుంచి 80 శాతం దాకా కావాలి. అంటే జులై, ఆగస్టుల్లో అమీర్‌పేట గాలి కప్పకు దాదాపు సొంతూరే. మే నెలలో మాత్రం ఎడారి!

ఇంట్లో వాడే చల్లదనం కూడా ఈ లెక్కను తారుమారు చేస్తుంది. వట్టివేళ్ల తడికెలో గడ్డి ప్యాడ్లో ఉన్న కూలర్ నీటిని ఆవిరిచేసి గదిని చల్లబరుస్తుంది కాబట్టి తేమ పెరుగుతుంది. ఏసీ అందుకు పూర్తిగా విరుద్ధం. గాలిలోని నీటిని పిండి గొట్టంలోంచి బయటికి పంపేస్తుంది. సందుల్లో నడిచేవాళ్ల నెత్తిన టపటపా పడే చుక్కలన్నీ గదుల్లోంచి పిండిన తేమే. కాబట్టి కప్ప పెట్టెను ఏసీ గాలి నేరుగా తగిలేచోట పెట్టకూడదు. ఆ గొట్టం కింద పట్టిన నీళ్లు చూడటానికి స్వచ్ఛంగానే ఉన్నా కప్పకు వాడకూడదు. రాగి తీగచుట్టల మీదుగా, దుమ్మూ బూజూ కడుక్కుంటూ వచ్చిన నీళ్లవి. ఉభయచరాలకు రాగి విషంతో సమానం.

ఇవన్నీ కంటి అంచనాతో తెలిసేవి కావు. చిన్న డిజిటల్ హైగ్రోమీటర్ ఒకటి పెట్టె మధ్య ఎత్తులో అమర్చుకుంటే తేమా, వేడీ రెండూ తెలుస్తాయి. వేడి 32 డిగ్రీలు దాటితే చాలా జాతులకు కష్టమే.

ఏ నీళ్లు పోయాలి?

అమీర్‌పేటలో నీళ్లంటే ఒక్కటి కాదు. కుళాయి నీళ్లు, బోరు నీళ్లు, ట్యాంకరు నీళ్లు, క్యాను నీళ్లు... ఒకే అపార్టుమెంటులో నాలుగూ ఉంటాయి. కప్పకు ఇవన్నీ వేర్వేరు.

నగరానికి మంజీరా, కృష్ణా, గోదావరి నీళ్లు శుద్ధిచేసి పంపుతారు. రోగాలు రాకుండా క్లోరిన్ కలుపుతారు. కుళాయి దగ్గరకు వచ్చేసరికి లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలన్నది భారత ప్రమాణం. మనకు రక్షణ ఇచ్చే ఆ క్లోరినే కప్ప చర్మాన్ని మండిస్తుంది. వెడల్పాటి మూతి ఉన్న బకెట్టులో నీళ్లు పట్టి 24 గంటలు మూత లేకుండా ఉంచితే చాలావరకు ఎగిరిపోతుంది. అక్వేరియం దుకాణాల్లో దొరికే యాంటీక్లోరిన్ చుక్కలు వేస్తే ఇంకా నమ్మకం. సంపులో బ్లీచింగ్ పౌడరు చల్లిన వారంలో ఈ జాగ్రత్త తప్పనిసరి.

బోరు నీళ్లలో క్లోరిన్ ఉండదుగానీ గ్రానైటు పొరల్లోంచి వచ్చిన లవణాలు ఎక్కువ. బకెట్టుకు తెల్లటి పొర కట్టే నీళ్లవి. తుంపర కొట్టే యంత్రాల రంధ్రాలు పూడిపోయేదీ, అద్దం మీద మరకలు పడేదీ వీటివల్లే. అపార్టుమెంటుకు సాఫ్టెనర్ బిగించారు కదా అనుకుంటే అదీ పనికిరాదు. కాల్షియాన్ని తీసేసి ఆ స్థానంలో సోడియాన్ని కలుపుతుందది.

అలాగైతే ఆర్వో నీళ్లే మేలు కదా? అక్కడే చాలామంది పొరబడతారు. ఆర్వో యంత్రం లవణాల్లో చాలా భాగాన్ని తీసేస్తుంది. కప్ప ఆ నీటిలో గంటలకొద్దీ కూర్చుంటే దాని ఒంట్లోని లవణాలు బయటికి జారిపోయే ప్రమాదముంది. అద్దాలపై తుంపర కొట్టడానికి ఆర్వో నీళ్లు భేషుగ్గా ఉంటాయి. కూర్చునే గిన్నెలోకి మాత్రం క్లోరిన్ పోగొట్టిన కుళాయి నీళ్లే ఉత్తమం. గిన్నె లోతు కప్ప గడ్డం దాటకూడదు. నీళ్లు రోజూ మార్చాలి. కప్ప పొట్టమీదా తొడల మధ్యా ఉన్న పల్చటి చర్మంతోనే నీళ్లు తాగుతుంది, ఆ గిన్నెలోనే విసర్జిస్తుంది కూడా. ఒక్కరోజు మరిచిపోయినా తన మలినాన్ని తానే తాగినట్టు!

తడి వేరు... తేమ వేరు

తేమ కావాలన్నారు కదా అని పెట్టెను చెరువు చేసేవాళ్లుంటారు. ఇది రెండో పొరపాటు. అడుగున నీళ్లు నిలిచి, గాలి ఆడక, అద్దాలు రోజంతా చెమర్చి ఉంటే బూజూ బాక్టీరియా విజృంభిస్తాయి. పొట్టా కాళ్లూ ఎర్రబడటం అలాంటి జబ్బుకు తొలి సూచన. గాలిలో తేమ ఉండాలి, నేల మరీ చిత్తడిగా ఉండకూడదు, పైనో పక్కనో జాలీ ఉండి గాలి ఆడాలి. ఈ మూడూ కుదిరితే చాలు.

అందుకు ఖరీదైన సరంజామా అక్కర్లేదు. నర్సరీల్లో ఇటుకల్లా అమ్మే కొబ్బరి పొట్టును నానబెట్టి, గట్టిగా పిండి అడుగున పరవాలి. పిడికిట్లో నొక్కితే ఒకటి రెండు చుక్కలకు మించి రాకూడదు. ఓ మనీప్లాంటు తీగ పెడితే ఆకులు తేమను పట్టి ఉంచుతాయి, కప్పకు మంచమూ అవుతాయి. చెట్టుకప్పలు రాత్రి సంచారులు కాబట్టి తుంపర సాయంత్రం ఎక్కువ, ఉదయం కొద్దిగా కొట్టాలి. మధ్యలో అద్దాలు ఓసారి పూర్తిగా ఆరాలి. మే నెలలో జాలీ సగం మీద తడిపి పిండిన గుడ్డ కప్పితే తేమ నిలుస్తుంది. వానాకాలంలో ఆ గుడ్డ తీసేసి, తుంపర తగ్గించాలి. ఏడాదంతా ఒకే మోతాదు పాటించడం హైదరాబాద్‌లో కుదరదు.

గాలిలో కలిసేది ఏదైనా కప్ప ఒంట్లోకి చేరుతుంది. దోమల మందు యంత్రం, అగరుబత్తి, బొద్దింకల స్ప్రే, ఫినాయిలు... మనకు వాసన మాత్రమే, దానికి మోతాదు. వీధిలోకి ఫాగింగ్ బండి వస్తే ముందు ఆ గది కిటికీలు మూయాలి. పెట్టె శుభ్రం చేశాక సబ్బు జాడ మిగలకూడదు. పట్టుకోక తప్పనప్పుడు చేతులు సబ్బులేని నీటితో కడిగి, తడి చేతులతోనే పట్టుకోవాలి.

బావిలో అమ్మవారు, వీధిలో కప్పతల్లి

అమీర్‌పేటను ఆనుకున్న బల్కంపేటలో ఎల్లమ్మ గుడి ఉంది. అక్కడ అమ్మవారు గోపురం కింద ఎత్తయిన పీఠం మీద కాదు, నేలమట్టానికి కిందన, బావిలో కొలువై ఉంటుంది. ఆ నీటిని భక్తులు తీర్థంగా తీసుకుంటారు. ఆషాఢంలో కల్యాణం నాడు ఆ రోడ్లన్నీ జనసంద్రమే. ఇప్పుడు కాంక్రీటు కప్పేసిన ఈ నేల కింద ఒకప్పుడు చేతికందే లోతులో నీళ్లుండేవని చెప్పే గుర్తు అది.

తెలంగాణ పల్లెల్లో వానలు మొఖం చాటేస్తే పిల్లలు కప్పను రోకలికి కట్టి, వేపాకులు చుట్టి ఇల్లిల్లూ తిప్పుతారు. ఇల్లాలు బిందెతో వచ్చి దానిమీద నీళ్లు పోస్తుంది. కప్పతల్లి ఆట అది. కప్పకు తడి అందితే ఊరికి వాన అందుతుందన్నది నమ్మకం. కప్పకూ నీటికీ ఉన్న బంధాన్ని పల్లె ముందే గుర్తించింది. కాకపోతే కట్టేసిన కప్పకు ఆ ఊరేగింపు బాధే అన్న మాట కూడా నిజమే.

పెంపకందారులు మరిచిపోకూడనిది ఇంకొకటుంది. గోడమీది మన చెట్టుకప్పను పట్టి పెట్టెలో వేయకూడదు. బయట తనంతట తాను బతికే జీవి అది. ఎర్రకళ్ల చెట్టుకప్ప జాతి 2010 నుంచి అంతర్జాతీయ సైటిస్ జాబితాలో ఉంది. ఆ జాబితాలోని జంతువుల్ని పెంచేవాళ్లు ప్రభుత్వం దగ్గర నమోదు చేయించాలని 2022 నాటి వన్యప్రాణి చట్ట సవరణ, 2024 నాటి నిబంధనలు చెబుతున్నాయి. విసుగొచ్చిందనో ఊరెళ్తున్నామనో విదేశీ కప్పను పంజాగుట్టకు దగ్గర్లోని కేబీఆర్ పార్కులో వదిలేయడం అన్నిటికన్నా పెద్ద తప్పు. చర్మాన్ని తినేసే కైట్రిడ్ అనే ఫంగస్ ప్రపంచవ్యాప్తంగా ఎన్నో కప్ప జాతుల్ని తుడిచిపెట్టింది. అది దేశదేశాలకూ పాకడంలో కప్పల వ్యాపారానిది పెద్ద చెయ్యి. పెట్టె కడిగిన నీళ్లనూ మొక్కల్లోనో నాలాలోనో పారబోయకూడదు, మరుగుదొడ్డిలో పోయాలి.

పెంచే ఓపిక లేనివాళ్లకూ కప్పతో చెలిమికి దారుంది. బాల్కనీలో నాలుగు కుండీలు, వాటి నీడలో ఓ వెడల్పాటి మట్టి మూకుడు, అందులో క్లోరిన్ పోగొట్టిన రెండంగుళాల నీళ్లు. దోమలు పెరగకుండా రోజూ మారిస్తే సరి. ఎప్పుడో ఓ వాన రాత్రి గోడ దిగి వచ్చిన చెట్టుకప్ప ఆ మూకుడులో పొట్ట ఆనించి కూర్చుంటుంది. తాగినంత తాగి, తెల్లారకముందే తన దారిన తాను వెళ్లిపోతుంది.