అర్థమైందా?

ఈ ఒక్క మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఏ హైస్కూలు పక్కనుంచి నడిచినా కిటికీలోంచి ఇదే వినిపిస్తుంది. మేస్టారు "అర్థమైందా?" అంటారు. యాభై గొంతులు ఒక్కసారిగా "అర్థమైందండీ" అంటాయి. అర్థమైన పిల్ల, కాని పిల్ల, అసలు విననే వినని పిల్ల ముగ్గురూ ఆ కేకలో కలిసిపోతారు. బోర్డు తుడిచేస్తారు, పాఠం అయిపోయినట్టే లెక్క.

బాగా పాఠం చెప్పేవాళ్లు మనకు లేరని కాదు. ఉన్నారు, వాళ్లను నోరారా మెచ్చుకోవాలనే ఇది రాస్తున్నాను. వాళ్ల దగ్గర నేను గమనించిన గుణం ఒక్కటే. ప్రశ్న వేసి ఊరుకుంటారు. మేరీ బడ్ రో అనే అమెరికా పరిశోధకురాలు బడుల్లో పాఠాలు టేపు మీద రికార్డు చేసి విన్నది. టీచరు ప్రశ్న అడిగాక జవాబు కోసం ఆగేది దాదాపు ఒక సెకను మాత్రమేనని తేలింది. మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడుగయ్యాయి, ఎన్నడూ నోరు విప్పనివాళ్లు మాట్లాడారు, వాళ్లే ఎదురు ప్రశ్నలు వేశారు. మూడు సెకన్లు! దీనికి జీవో రానక్కర్లేదు, నిధులు విడుదల కానక్కర్లేదు.

విశాఖ ఆటోనగర్‌కి దగ్గర్లోని హైస్కూల్లో మాకు సైన్సు చెప్పిన మేస్టారు ఈ పరిశోధన సంగతి విన్నారో లేదో గానీ, మౌనంగా నిలబడడం ఆయనకి బాగా తెలుసు. ఒకరోజు లేతు షాపు నుంచి లారీ నట్టు ఒకటి తెచ్చి బకెట్లో వేశారు. బుడుంగున మునిగింది. "ఇంత నట్టే మునిగింది గదా, హార్బర్లో అంత ఇనుప ఓడ ఎలా తేలుతోంది?" అని అడిగి చేతులు కట్టుకున్నారు. ఎవరికి తోచింది వాళ్లు ముందు నోటుబుక్కులో రాయాలి, తర్వాత పక్కవాడికి చెప్పి ఒప్పించాలి, ఆ తర్వాతే చెయ్యెత్తాలి.

"ఇంజను ఉంటాది గదండీ" అన్నాడొకడు. తప్పని ఆయన అనలేదు. ఆ జవాబును బోర్డు మీద రాసి, "ఇంజను ఆపేస్తే మునిగిపోద్దా?" అని మళ్లీ ఊరుకున్నారు. షిప్‌యార్డులో పనిచేసే కలాసీ గారబ్బాయి లేచి, "ఆపేసినా తేల్తాదండీ, నేను చూశాను" అన్నాడు. వెనక బెంచీ అమ్మాయి ఎవరో "లోపల డొల్ల గదండీ" అంది, చాలా చిన్న గొంతుతో. ఆ మాటా బోర్డెక్కింది. గంట కొట్టేశారు. జవాబు మాత్రం చెప్పలేదు. ఆ రాత్రి మా వీధిలో బకెట్లన్నీ మా చేతుల్లోనే ఉన్నాయి.

మర్నాడు తలా ఒక పల్చటి రేకు ముక్క ఇచ్చి, పడవ చేసి తేల్చమన్నారు. మునిగేదాకా ఒక్కొక్క వాషరూ వేసి లెక్క రాసుకున్నాం. వెడల్పాటి పడవ ఎక్కువ మోసింది, అదే రేకును ఉండ చుడితే అడుగుకి పోయింది. ఇనుము నీటికంటే దాదాపు ఎనిమిది రెట్లు బరువని, ఓడ తన బరువుకి సమానమైన నీటిని తోసేసేదాకానే దిగుతుందని, ఆర్కిమిడీస్ పేరుతో సహా అప్పుడు చెప్పారు. మన విశాఖలో వాల్‌చంద్ హీరాచంద్ పెట్టిన ఓడల కర్మాగారంలో తయారైన జలఉషను 1948లో నెహ్రూ నీళ్లలోకి వదిలిన కథా అప్పుడే విన్నాం. వయసు మీదపడినా ఆ సూత్రం నాకు వల్లె వేయకుండానే గుర్తుంది. ఆ వెనక బెంచీ అమ్మాయి మాత్రం ఆ రోజు నుంచి క్లాసులో గొంతు తగ్గించింది లేదు.

పిల్లల దగ్గరున్నదాన్ని ముందు వినడం మన ఉత్తరాంధ్రకి కొత్తేం కాదు. పర్లాకిమిడిలో పంతులుగా ఉన్న గిడుగు రామమూర్తి సవరల పిల్లలకు చదువు చెప్పాలని ముందు తాను సవర భాష నేర్చుకున్నాడు. ఆ భాషలో పాఠపుస్తకాలు రాసి, బళ్లు పెట్టించాడు. పిల్లవాడు తన వైపు రావాలని కూర్చోకుండా, తానే పిల్లవాడి వైపు నడిచిన మనిషి. బడిలో తెలుగు ఎలా చెప్పాలన్న చర్చలో ఆయన పక్కన నిలిచిన పి.టి. శ్రీనివాస అయ్యంగార్ మన ఏవీఎన్ కాలేజీ ప్రిన్సిపాలే.

గిడుగు పుట్టినరోజు ఆగస్టు 29. ఉపాధ్యాయ దినోత్సవం సెప్టెంబరు 5. సరిగ్గా వారం తేడా. ఆ వారంలో దండలు, ఉపన్యాసాలు కాస్త తగ్గించి, టీచర్లు పిల్లల్ని వెంటబెట్టుకుని ఆటోనగర్ షాపులకు వెళ్లాలని నా కోరిక. రాపిడి పాఠానికి అరిగిన బేరింగు, పాస్కల్ నియమానికి హైడ్రాలిక్ జాకీ, నిష్పత్తులకు గేరు చక్రాలు, ఉష్ణవాహకతకు పాత రేడియేటరు, స్థితిస్థాపకతకు లారీ కమాను కట్ట. ఇవన్నీ అక్కడ తుక్కులో పడి ఉన్నాయి. ఆ షాపుల్లో పనిచేసే మేస్త్రీల పిల్లలే ఈ బడుల్లో చదువుతున్నారు. అడిగితే కాదనరు, గ్రీజు తుడిచి మరీ ఇస్తారు. వెళ్లి అడగాలి, అంతే.