కుక్కను కొలిచాకే పెట్టె

దక్షిణ అండమానులోని ఫెరార్గంజ్‌కు ఆ పేరు 1920లలో ద్వీపాల చీఫ్ కమిషనరుగా పనిచేసిన మైకేల్ లాయిడ్ ఫెరార్ వల్ల వచ్చినది. అండమాన్ నికోబార్ ద్వీపాలలో తెలుగువారు తక్కువేమీ కాదు. 2011 జనగణన ప్రకారం అక్కడ సుమారు 13 శాతం మందికి తెలుగు మాతృభాష. తరతరాలుగా స్థిరపడినవారితో పాటు, ఉద్యోగరీత్యా వచ్చి కొన్నేళ్ళకు మరలిపోయేవారూ వారిలో ఉన్నారు.

బదిలీ ఉత్తరువు చేతికందిన నాడు సామాను సంగతి త్వరగానే తేలుతుంది. మంచాలు, బల్లలు అమ్మివేయవచ్చు. వాకిట పడుకొనే కుక్కను ఏమి చేయాలన్నదే ఇంటిల్లిపాదినీ కలవరపెట్టే ప్రశ్న. విశాఖపట్టణానికి దాదాపు 1,200 కిలోమీటర్ల సముద్రం దాటాలి. “ఇరుగుపొరుగువారు పిడికెడన్నం పెట్టకపోతారా” అని విడిచిపోవాలనిపించడం సహజమే.

కాని కుక్క అండమాన్ ద్వీపాలలో ఆదినుండి ఉన్న జంతువు కాదు. 1858లో బ్రిటిషువారు పోర్ట్ బ్లెయిర్‌లో ఖైదీల స్థావరం నెలకొల్పిన తరువాత, ఓడలెక్కి వచ్చినది. దిక్కులేని కుక్కలు ఆకలికి సముద్రపుటొడ్డున తాబేళ్ళ గూళ్ళను తవ్వి గ్రుడ్లు తినివేస్తాయి. పెంచినవాడు విడిచిపోతే కుక్క ఒక్కటే కాదు, ద్వీపమూ నష్టపోతుంది. అందువల్ల వెంట తీసుకుపోవడమే న్యాయం. అందుకు ముందుగా కావలసినది తగిన పెట్టె.

ఎదిగే పిల్లవాడికి చొక్కా వదులుగా కుట్టించినట్లు, కుక్కకూ పెద్ద పెట్టె చేయించడమే ప్రేమ అని చాలామంది తలుస్తారు. ప్రయాణంలో అది పొరపాటు. పెట్టెను ఎత్తి దింపేటప్పుడు, వాహనం కుదుపులకు లోనైనప్పుడు, విశాలమైన పెట్టెలో కుక్క ఆ గోడకూ ఈ గోడకూ కొట్టుకుంటుంది. ఇరుకైన పెట్టెలోనైతే నిలువలేక, తిరుగలేక అలసిపోతుంది. అది తల వంచకుండా నిలబడగలగాలి, వెనుకకు తిరుగగలగాలి, కాళ్ళు చాచి పడుకోగలగాలి.

విమాన ప్రయాణానికి అంతర్జాతీయ విమాన రవాణా సంఘం ఒక లెక్క ఏర్పరచినది. కుక్కను నిలబెట్టి నాలుగు కొలతలు తీయాలి. ముక్కు కొన నుండి తోక మొదలు వరకు ఒకటి. నేల నుండి ముందుకాలి మోచేతి కీలు వరకు రెండవది. భుజాల వద్ద వెడల్పు మూడవది. నేల నుండి నడినెత్తి లేదా చెవుల కొన, ఏది ఎత్తయితే అంతవరకు నాలుగవది. మొదటి కొలతకు రెండవదానిలో సగం కలిపితే పెట్టె పొడవు. మూడవదానికి రెట్టింపు వెడల్పు. నాలుగవదానికి పరుపు మందం చేర్చితే ఎత్తు. ఆ కొలతలు వరుసగా 75, 30, 20, 58 సెంటీమీటర్లయితే పెట్టె లోపలి పొడవు 90, వెడల్పు 40. ఎత్తు 58కి పైన పరుపు మందం. పగ్ వంటి చప్పిడిముక్కు జాతులకు ఊపిరి కష్టం కనుక మరొక పదిశాతం పెంచాలి. నాలుగు వైపులా గాలి ఆడాలి. ముక్కుగాని, పంజాగాని బయటికి రాకూడదు.

లైకా కథ ఇందుకు విరుద్ధం. 1957 నవంబరు 3న సోవియట్ శాస్త్రజ్ఞులు అంతరిక్షంలోకి పంపిన ఆ కుక్కను అంతకుముందు రోజుల తరబడి క్రమంగా చిన్నవవుతున్న బోనులలో ఉంచారు. నౌకలో ఉన్న చోటుకు కుక్కను అలవాటు చేశారు. అది తిరిగి రాలేదు. ఇంటి కుక్క విషయంలో వరుస మారాలి. కుక్క కొలతను బట్టి పెట్టె తయారు కావాలి.

పెట్టె సిద్ధమైనంత మాత్రాన పని పూర్తికాదు. ప్రయాణానికి కొన్ని వారాల ముందే దానిని ఇంట్లో తలుపు తీసి ఉంచాలి. అందులోనే అన్నం పెట్టాలి, యజమాని వాసన తగిలిన పాతగుడ్డ పరచాలి. కుక్క తనంతట తానుగా వెళ్ళి పడుకొనే వరకు తలుపు మూయరాదు. 1978 నాటి జంతురవాణా నియమాల ప్రకారం పశువైద్యుని ఆరోగ్య ధ్రువపత్రం వెంట ఉండాలి. వైద్యుడు చెప్పనిదే మత్తుమందు ఇవ్వరాదు.

వడ్రంగిని పిలిచే ముందు కొలటేపుతో కుక్క పక్కన కూర్చోవడానికి పట్టేది కొద్ది నిమిషాలు. సముద్రం దాటే ఆ మూగజీవికి దారి పొడుగునా కలిగే సుఖమో, కష్టమో ఆ కొద్ది నిమిషాల శ్రద్ధ మీదనే ఆధారపడి ఉంటుంది.