ప్రధానమంటే ఏమిటి?

హోసూరు ప్రాంతంలో తెలుగు మాధ్యమపు లెక్కల తరగతిలో ఒకనాడు నల్లబల్లపై 2147483647 అని వ్రాసి చదవమన్నాను. పిల్లలు తడబడ్డారు. “రెండు వందల పద్నాలుగు కోట్ల డెబ్బై నాలుగు లక్షల ఎనభై మూడు వేల ఆరు వందల నలభై ఏడు” అని అందరిచేత చదివించాను.

ఇది ప్రధాన సంఖ్య అనగానే ఒక బాలిక, “ప్రధానమంటే ముఖ్యమైనది కదా సార్! ఇది దేనికి ముఖ్యం?” అని అడిగింది. నాకు జవాబు తోచలేదు. ఇంతలో ఒక బాలుడు, తమిళంలో దీనిని ‘పగా ఎణ్’ అంటారనీ, అంటే విడిపోని సంఖ్య అనీ చెప్పాడు. తెలుగు తరగతిలో తమిళం వినబడితే కోపగించుకొనే నేను ఆనాడు మిన్నకుండిపోయాను. నిర్వచనం ఆ పేరులోనే ఉన్నది.

ముప్పై ఒక్క రెండ్లను గుణించి ఒకటి తీసివేస్తే ఈ సంఖ్య వస్తుంది. ఇది విడిపోదని ఆయిలర్ 1772లో నిరూపించాడు. మామూలుగానైతే దీని వర్గమూలం వరకు, అంటే 46,340 వరకు గల ప్రధాన సంఖ్యలన్నిటితోనూ భాగించి చూడాలి. అవి నాలుగు వేలకు పైనే. అయితే దీనికి ప్రధాన కారణాంకమేదైనా ఉంటే, దానిని 248తో భాగించినపుడు శేషం 1 గాని 63 గాని రావాలి. ఆ నియమంతో పరీక్షింపవలసినవి నూరు లోపే మిగిలాయి.

మరునాడు ఆ బాలికకు జవాబు చెప్పాను. ప్రధానమనే మాటకు మూలమనే అర్థమూ ఉన్నది. ఒకటి కంటె పెద్దదైన ఏ సంఖ్య అయినా ప్రధాన సంఖ్య కావాలి, లేదా ప్రధాన సంఖ్యల లబ్ధం కావాలి. తాను విడిపోదని తమిళ నామం చెబుతుంది. తక్కినవి తననుండే పుడతాయని తెలుగు నామం చెబుతుంది. ఇప్పుడు రెండు పేర్లనూ బల్లపై వ్రాసిన తరువాతనే పాఠం మొదలుపెడుతున్నాను.