జ్ఞానుల పండుగ గురించి, కువైట్‌లో ఉన్న దోస్తుకు

నస్పూర్,
జనవరి 7.

ప్రియమైన దోస్తుకు,

  నిన్న ఫస్ట్ షిఫ్టు డ్యూటీ దిగి, సాయంత్రం ఆరాధనకు పోయిన. చెల్లె, పిల్లలు కూడ వచ్చిండ్రు.

మొన్న ఫోన్‌లో ఒక మాట అడిగినవు. క్రిస్మస్ అయిపాయె, కొత్త సంవత్సరం అయిపాయె, ఇగ జనవరి 6న జ్ఞానుల పండుగతోని మనలాంటోళ్లకు ఏం పని అని. ఫోన్‌లో తెగే మాట కాదని రాస్తున్న.

మత్తయి సువార్త రెండో అధ్యాయం మళ్లొకసారి తీసి చదువు. మెస్సీయ ఎక్కడ పుట్టాల్నో యెరూషలేములోని యాజకులకు, శాస్త్రులకు తెలుసు. రాజైన హేరోదు అడగంగనే బేత్లెహేము అని చెప్పిండ్రు. అది పది కిలోమీటర్ల దూరం కూడ లేని ఊరు. అయినా వాళ్లు పోయినట్టు సువార్తలో లేదు. పోయింది ఎవరు? తూర్పు దేశం నుంచి వచ్చిన పరాయోళ్లు. క్రిస్మస్ నాటకాలల్లో ముగ్గురు రాజులని చూపిస్తం గని, ముగ్గురని గాని రాజులని గాని మత్తయి రాయలేదు. చుక్కల్ని చూసుడు వాళ్ల పని. ఆ పనిలోనే వాళ్లకు గుర్తు దొరికింది. నేను ఈ పండుగలో గట్టిగ పట్టుకున్న మాట ఇదే. దేవుడు వాళ్లను పని మానుకొని రమ్మనలేదు, పనిలో ఉన్నోళ్లనే పలకరించిండు. బొగ్గు బాయి దిగే నాకు, ఎండలో కట్టడం పని చేసే నీకు ఇంతకన్న ధైర్యం ఏం కావాలె?

ఆ పరాయోళ్లకు తలుపు తెరుచుకున్న రోజు ఇది. మన మంచిర్యాల కేంద్రంగ 1999లో ఏర్పడ్డ ఆదిలాబాద్ మేత్రాసనం కథోలికులది సిరో మలబార్ ఆచారం. వాళ్లు ఇదే జనవరి 6న యొర్దాను నదిలో యేసు జ్ఞానస్నానాన్ని తలుచుకుంటరు. మనం జ్ఞానులను తలుచుకుంటం. రెండింటిలోనూ సంగతి ఒక్కటే. ఒక తల్లి ఒడిలో, ఒక ఊరిలో మరుగున ఉన్నాయన లోకమంతటికీ కనపడ్డడు.

ఈ పండుగ పేరు పెట్టుకున్న చర్చి మన దిక్కునే ఉంది. సింగరేణి రైలులో కొత్తగూడెం పోయినప్పుడు డోర్నకల్ జంక్షన్ చూసే ఉంటవు. ఇల్లందు బొగ్గు బయటి లోకానికి పోయిన దారి అది. అక్కడి పెద్ద చర్చి పేరు ఎపిఫనీ కెథెడ్రల్, ఎపిఫనీ అంటే ఈ పండుగే. 1939లో సరిగ్గ ఈ పండుగనాడే ప్రతిష్ఠించిండ్రు. మసీదుకున్నట్టు గుమ్మటాలు, గుడి మండపానికున్నట్టు స్తంభాలు ఉంటయి. కట్టించిన బిషప్ వి.ఎస్. అజరయ్య తమిళుడు, తిరునెల్వేలి దిక్కు మనిషి. ఇక్కడికి వచ్చి తెలుగు నేర్చుకొని, మన పల్లెల్లో తిరిగిండు. 1912 డిసెంబర్ 29న కలకత్తాలో అభిషేకం పొంది, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యిండు. అంతకు రెండేండ్ల ముందు ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో దొరల ఎదురుంగ నిలబడి, మీ త్యాగాలకు మేం రుణపడి ఉన్నం గని మాకు మీ స్నేహం కూడ కావాలని అడిగిండు. దొర పక్కన దేశీయ బోధకుడు సమానంగ కూసోలేని రోజులవి. డోర్నకల్‌లో కూడ మాలోళ్లు, మాదిగోళ్లు అని వేరు చూసుడు ప్రభువు సంఘంలో చెల్లదని పట్టుబట్టిండు. 1945 జనవరి 1న అక్కడనే కన్నుమూసిండు. దూరం నుంచి వచ్చి మనోడైన మనిషి కట్టించిన చర్చికి ఈ పండుగ పేరు తగిన పేరు.

ఇగ జ్ఞానులు ఇచ్చిన కానుకల సంగతి. బంగారం, సాంబ్రాణి, బోళం మన దగ్గర లేవని చిన్నబోవద్దు. అన్నం వండేటప్పుడు ఎసట్లో పోసే ముందు పిడికెడు బియ్యం ప్రభువుకని పక్కకు తీసే తల్లులు మన సంఘాల్లో ఉన్నరు. ఉన్నదాంట్ల నుంచి తీసి ఇచ్చుడే కానుక. జ్ఞానులు మూట విప్పింది కూడ రాజమందిరంలో కాదు, ఒక మామూలు ఇంట్లో.

ఇంకో సంగతి. మొక్కినంక వాళ్లు అక్కడే ఉండిపోలేదు, తమ దేశానికే పోయిండ్రు. హేరోదు దగ్గరికి మాత్రం పోకుండ వేరే దారి పట్టిండ్రు. మనం కూడ తెల్లారితే అదే బాయికి, అదే సైటుకు పోవాలె. పని మారదు, నడిచే దారి మారాలె. తాగుడు, పైరవీ, తోటోన్ని తొక్కి పైకి పోవుడు మొక్కినోని దారి కాదు.

నువ్వు పరాయి దేశంలో ఒంటరిగున్నని బాధపడ్డవు. జ్ఞానులు వెళ్లిపోయినంక యోసేపు రాత్రికి రాత్రి పిల్లవాన్ని, తల్లిని తీసుకొని ఐగుప్తుకు పోయిండు. అట్ల యేసు కూడ బతుకు కోసం పరాయి నేల మీద ఉన్నోడే. నీ బాధ ప్రభువుకు తెల్వనిది కాదు.

మా దిక్కు నుంచి నేనొకటి అనుకున్న. ఓపెన్‌కాస్టులో కాంట్రాక్టు పనికి వేరే రాష్ట్రాల నుంచి వచ్చిన పిల్లగాండ్లు కొందరు చర్చికి వచ్చి వెనుక నిలబడి, ఎవరితో మాట్లాడకుండ పోతున్నరు. భాష రాకపోయినా సరే, ఈ ఆదివారం నుంచి వాళ్లను పక్కన కూసోబెట్టుకుంట. నువ్వు కూడ శుక్రవారం ఆరాధనకు ఒక్కనివే పోకు. మీ రూముకు కొత్తగ వచ్చి బెంగ పడుతున్న మనిషి ఎవరున్నా, వాళ్లది ఏ ఊరని, ఏ కులమని అడగకుండ వెంట తీసుకపో.

ఇట్లు,
నీ దోస్తు