గులాబా, మోతియానా?

లాలాపేట నుండి చార్మినార్‌కు బయలుదేరినప్పుడు మా పని చిన్నదే: అమ్మీ కోసం ఒక అత్తరు సీసా. అబ్బా అల్లాహ్ సన్నిధికి చేరిన తరువాత నాలుగు నెలల పది రోజుల ఇద్దత్‌లో ఆమె సుగంధాన్ని తాకలేదు. షరీఅత్ ఆదేశమూ అదే. కాని గడువు తీరిన తరువాత కూడా ఆమె అల్మారా తెరవలేదు.

తార్నాక, కోఠీ, అఫ్జల్‌గంజ్ దాటి మదీనా కూడలిలో బస్సు దిగి, పత్తర్‌గట్టీ కమానుల వెంట నడిచాము. దుకాణదారు మా ఎడమ మణికట్టుపై గులాబును, కుడి మణికట్టుపై మోతియాను రాసి, "రుద్దకండి మౌల్వీ సాబ్, కాసేపు ఆగండి" అన్నాడు. గులాబు వెంటనే పలకరించింది. మోతియా, అంటే మన గుండుమల్లె, మెల్లగా వచ్చి గాఢంగా నిలిచింది. కన్నౌజ్‌లో నేటికీ పూలను రాగి డేగులో నీటితో మరిగించి, ఆవిరిని వెదురు గొట్టం గుండా చందన తైలమున్న పాత్రలోనికి దింపుతారు. గులాబీలను ఎండ ముదరక ముందే కోయాలి. మల్లె రాత్రి విచ్చుకుంటుంది గనుక మొగ్గగానే కోయాలి. చందనం ప్రియమైనందున లిక్విడ్ పారఫిన్‌పై తీసినవీ బజారులో ఉన్నాయి. మరీ చౌకగా ఇస్తామంటే సందేహించవలసిందే.

మా సందేహం మాత్రం ధర గురించి కాదు. మోతియా అబ్బా అత్తరు. ప్రతి జుమా నాడు గుస్ల్ చేసి, అత్తరులో తడిపిన దూదిని చెవి మడతలో ఉంచుకునేవారు. ఆ పరిమళం అమ్మీకి ఓదార్పు అవుతుందా, గాయమవుతుందా?

హజ్రత్ ఉమ్మె హబీబా (రజి) తన తండ్రి మరణించిన మూడవ నాడు సుగంధం తెప్పించుకొని పూసుకున్నారు. తనకు దాని అవసరం లేదని చెబుతూనే, భర్త కోసం తప్ప మరెవరి కోసమూ మూడు రోజులకు మించి సంతాపం పాటించరాదన్న దైవప్రవక్త (సఅసం) ఆదేశాన్ని వినిపించారు. ఏళ్ల తరబడి ఈ హదీసును విద్యార్థులకు బోధించాము. "అవసరం లేదు" అన్న ఆ మాట వద్ద మాత్రం ఎన్నడూ ఆగలేదు. ఆ రోజు అత్తరు దుకాణంలో ఆగాము.

చివరకు అర తులం గులాబు కొన్నాము. మోతియాకు మా ధైర్యం చాలలేదు.

అమ్మీ మూత తీసి వాసన చూశారు. "బాగుంది బేటా, పెళ్లింట్లో గులాబ్‌జల్ చల్లినట్లుంది" అన్నారు. సీసాను కోడలి చేతికిచ్చి, మా కుడి మణికట్టును దగ్గరకు తీసుకున్నారు.

"మరి ఇది తేలేదేం?"